టర్బో 1905 నాటిదైతే కార్లలోకి రావడానికి అంత ఆలస్యం ఎందుకైంది?

బనశంకరి వాసి:
అందరికీ నమస్కారం. చెన్నైలో వాడిన నా 1.2 లీటర్ల పెట్రోలు కారును బెంగళూరుకు తెచ్చుకున్నాక ఇంజన్‌లో కొంత నీరసం కనిపిస్తోంది. టర్బో (ఇంజన్ వదిలే పొగ బలంతో తిరుగుతూ ఇంజన్‌లోకి గాలిని కూరే పరికరం) ఉన్న మా బావమరిది కారులో ఆ తేడా తెలియడం లేదు. ఈ ఊరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉండటమే కారణమని చదివి, అక్కడి నుంచి టర్బో చరిత్రలోకి వెళ్లాను. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యుషీ 1905లోనే దీనికి పేటెంటు తీసుకున్నాడు. మరి మామూలు కార్లలో అది నిలదొక్కుకోవడానికి అన్ని దశాబ్దాలు ఎందుకు పట్టింది? ఫార్ములా వన్‌లో దాన్ని నిషేధించి మళ్లీ ఎందుకు తెచ్చారు?

పీణ్యా ఇంజనీరు:
మీరు గమనించినది నిజమే. ఇక్కడి గాలి చెన్నై గాలి కన్నా పలుచన కనుక మామూలు ఇంజన్ ఆ మేరకు శక్తిని కోల్పోతుంది. టర్బో ఉన్నచోట అందులోని గాలిని నొక్కే కంప్రెసర్ ఆ లోటును చాలావరకు పూడుస్తుంది. టర్బోకు తొలినాళ్లలో దొరికిన పనుల్లో ఇదొకటి. 1918లో అమెరికాలో ఇంజనీరు శాన్‌ఫర్డ్ మాస్ ఒక విమానపు ఇంజన్‌ను 4,300 మీటర్ల ఎత్తున్న పైక్స్ పీక్ శిఖరానికి చేర్చి, సముద్రమట్టంలో ఇచ్చే శక్తిని టర్బో సాయంతో అక్కడా ఇవ్వగలదని చూపించాడు.

ఇక ఆలస్యం సంగతి. గాలిని కూరడం కన్నా, ఎక్కడ ఆపాలో తెలుసుకోవడమే కష్టమైందని నా అభిప్రాయం. డీజిల్ ఇంజన్‌లో పిస్టన్ నొక్కేది ఒట్టి గాలినే, ఇంధనాన్ని చివరలో చిమ్ముతారు కాబట్టి అది ఎక్కువ గాలిని ఓర్చుకుంటుంది. అందుకే ఓడలూ లారీలూ ముందుగా అందుకున్నాయి. పెట్రోలు ఇంజన్‌లో మాత్రం గాలి, పెట్రోలు కలిసిన మిశ్రమం ఒత్తిడికి వేడెక్కి, ప్లగ్ రగిలించిన మంట తనదాకా రాకముందే తనంతట తాను పేలుతుంది. మెకానిక్కులు నాకింగ్ అనేది దీన్నే. అది ముదిరితే పిస్టన్‌కు చిల్లు పడుతుంది.

1962లో జనరల్ మోటార్స్ రెండు టర్బో కార్లు తెచ్చింది. షెవ్రొలే కార్వేర్‌లో సంపీడన నిష్పత్తిని (పిస్టన్ మిశ్రమాన్ని ఎన్నింతలు నొక్కుతుందో చెప్పే లెక్క) తగ్గించి గండం గట్టెక్కారు. ఓల్డ్స్‌మొబీల్ జెట్‌ఫైర్‌లో ఆ నిష్పత్తిని 10.25 దగ్గరే ఉంచి, మిథనాల్ కలిపిన స్వేదనజలాన్ని మిశ్రమంలోకి చిమ్మి చల్లబరిచారు. ఆ ద్రవం నింపుకోవడం యజమానులు మరిచిపోయేవారు, అది అయిపోగానే టర్బో ఒత్తిడి తగ్గిపోయేది. చివరికి టర్బోను ఊడదీయించి మామూలు కార్బ్యురేటర్ పెట్టించుకున్నవారు చాలామంది. పాపం, కారు కొన్నవాడు ప్రయోగశాల సహాయకుడు కాడు కదా!

1977లో స్వీడన్ సంస్థ సాబ్ చూపిన 99 టర్బో కారు దారి మార్చింది. చిన్న టర్బో కనుక తక్కువ వేగంలోనే అందుకుంటుంది. ఒత్తిడి హద్దు దాటబోతే వేస్ట్‌గేట్ అనే కవాటం తెరుచుకుని పొగను పక్కదారి పట్టిస్తుంది. 1980ల ఆరంభంలో అదే సంస్థ ఇంజన్ దిమ్మకు నాకింగ్‌ను పసిగట్టే సెన్సారును బిగించి, ఆ సంకేతాన్ని బట్టి ఒత్తిడిని ఎలక్ట్రానిక్ పద్ధతిలో తగ్గించింది. అసలు మలుపు అదే.

ఇరుంగాట్టుకోట్టై ప్రేక్షకుడు:
ఇంజనీరు గారు పందేల జోలికి వెళ్లలేదు కాబట్టి ఆ భాగం నేను రాస్తాను. 1966 నుంచి ఫార్ములా వన్‌లో 3 లీటర్ల మామూలు ఇంజన్‌కు గానీ, గాలి కూరే 1.5 లీటర్ల ఇంజన్‌కు గానీ అనుమతి ఉండేది. రెండో దారిని పదేళ్లకు పైగా ఎవరూ తొక్కలేదు. 1977లో ఇంగ్లండ్‌లోని సిల్వర్‌స్టోన్‌లో రెనో టర్బో కారు దిగినప్పుడు, అది పదేపదే పొగలు కక్కడం చూసి పసుపు టీ కెటిల్ అని నవ్వారు. 1979లో ఫ్రాన్స్‌లోని డీజోన్‌లో జాన్-పియేర్ జబూయ్ అదే సంస్థ కారుతో గెలిచాక నవ్వులు ఆగాయి. 1986 నాటికి అర్హత పరుగుల్లో ఈ చిన్న ఇంజన్లు 1,000 అశ్వశక్తిని దాటాయి.

అందుకే 1987లో ఒత్తిడిని 4 బార్లకు (ఒక బార్ అంటే దాదాపు సముద్రమట్టంలో గాలి ఒత్తిడి), 1988లో 2.5 బార్లకు కుదించి, టర్బో కార్ల ఇంధనాన్ని 150 లీటర్లకు కట్టడి చేశారు. అయినా ఆ ఏడాది 16 పందేల్లో 15 మెక్‌లారెన్-హోండావే! 1989 నుంచి టర్బోలను నిషేధించారు. 2014లో 1.6 లీటర్ల వీ6 (ఆరు సిలిండర్ల) ఇంజన్ రూపంలో తిరిగి తెచ్చింది శక్తి కోసం కన్నా పొదుపు కోసం. పందేనికి 100 కిలోల ఇంధనమే ఇచ్చారు.

బనశంకరి వాసి:
ఇద్దరికీ ధన్యవాదాలండీ. మరి బండి ఆపే ముందు కాసేపు ఇంజన్‌ను ఆన్‌లోనే ఉంచమని మా బావమరిది అంటాడు. అది ఇప్పటికీ అవసరమా?

పీణ్యా ఇంజనీరు:
ఊళ్లో నెమ్మదిగా నడిపితే అవసరం లేదు; కృష్ణగిరి వైపు నుంచి హైవే మీద జోరుగా వచ్చి వెంటనే ఆపితే మాత్రం ఒక నిమిషం ఆగడం మంచిది. చిన్న టర్బో ఇరుసు నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతూ పలుచని ఆయిల్ పొర మీద తేలుతుంది, వేడిగా ఉండగా ఆయిల్ ఆగిపోతే అది మాడి బేరింగుల దగ్గర నల్లగా గట్టిపడుతుంది. పాత విడిభాగాలు అమ్మే జేసీ రోడ్డులో విప్పి పెట్టిన పాత టర్బో కనిపిస్తే ఇరుసు కొసను వేళ్లతో కదిపి చూడండి. ఆయిల్ లేదు కనుక పక్కలకు కాస్త ఊగడం సహజమే. ముందుకూ వెనక్కూ జరుగుతున్నట్లు తెలిసినా, రెక్కలు గోడకు రాసుకున్న గీతలు కనిపించినా ఆ టర్బోను కొనకండి.