కర్నూలు–అనంతపురం సైకిల్ మీద: గుత్తి దాటాక కాళ్లు పడిపోతున్నాయి, ఏం తినాలి?

హంద్రీఒడ్డు:
అన్నలూ, ఆదివారం తెల్లారి 5కి కర్నూలులో బయల్దేరి డోన్, గుత్తి మీదుగా అనంతపురం. సుమారు 150 కి.మీ., గంటకు 20 లెక్క. 100 దాటితే కాళ్లలో పస ఉండదు, తల తిరుగుతుంది. పొద్దున ఉగ్గాణి-బజ్జీ, దారిలో ఆకలేస్తే అరటిపండు, ఉత్త నీళ్లు. తప్పెక్కడ? జెల్‌లు (తొక్కుతూ పిండుకుని మింగే తీపి పేస్టు ప్యాకెట్లు) మాత్రం చెప్పొద్దు, వాటి రేటుకు నెలకు సరిపడా బియ్యమొస్తాయి.

పెన్నాగాలి:
ఆకలేస్తే తింటున్నావు చూడు, తప్పు అక్కడే తమ్ముడూ. కండరాల్లో, కాలేయంలో దాచిన గ్లైకోజెన్, అంటే ఒంట్లోని చక్కెర నిల్వ, గట్టిగా తొక్కితే రెండు మూడు గంటల్లో అడుగంటుతుంది. మొదటి అరగంట నుంచే గంటకు 60 గ్రాముల పిండిపదార్థం (చక్కెరా అందులోదే) పడాలి. అరటిపండుకు 25 అటూఇటూ, అంతే.

750 మి.లీ. బాటిల్‌కు చక్కెర 60 గ్రాములు, పావు టీస్పూను ఉప్పు, ఒక నిమ్మకాయ. గంటకొకటి, పదిహేను నిమిషాలకోసారి పావు బాటిల్. చక్కెర, ఉప్పు ఇంట్లోనే తూచి ఏడు పొట్లాలు కట్టి జేబులో వేసుకో, నీళ్లు దారిలో దొరుకుతాయి. బలమని ఒకే బాటిల్లో రెండు పొట్లాలు పోశావో, కడుపులోనే నిలిచి వాంతికొస్తుంది. షుగర్ ఉన్నవాళ్లు డాక్టర్ని అడక్కుండా ఈ లెక్క పట్టొద్దు.

సీమఎండ:
ఉగ్గాణి మంచిదే, బొరుగులు తేలిగ్గా అరుగుతాయి. బజ్జీతోనే తంటా: నూనె వల్ల కడుపు నిదానంగా ఖాళీ అవుతుంది. వేరుశనగ చిక్కీ కూడా అంతే, అనంతపురం వాళ్లకు ఈ మాట రుచించదు గానీ. 5కి బయల్దేరాలని 3కి లేచి తినక్కర్లేదు. రాత్రి అన్నం బాగా తిని, పొద్దున రెండు అరటిపండ్లు చాలు.

చెమటలో ఉప్పు పోతుంటే ఉత్త నీళ్లే లీటర్లు లీటర్లు తాగితే రక్తంలో సోడియం పలచబడుతుంది. తలనొప్పి, వికారం, వేళ్ల వాపు కనిపిస్తే తాగడం ఆపు. నీకెంత చెమట పోతుందో ముందే చూసుకో: గంట తొక్కే ముందు, తర్వాత బరువు తూగు. తగ్గిన కిలోకు లీటరు, మధ్యలో తాగింది కలుపు.

హంద్రీఒడ్డు:
చక్కెరకు బదులు ఓఆర్ఎస్ వేస్తే?

పెన్నాగాలి:
20.5 గ్రాముల ప్యాకెట్‌లో గ్లూకోజు 13.5 గ్రాములే, అదీ లీటరుకు. ఉప్పుకు పనికొస్తుంది, తొక్కడానికి చాలదు. గుత్తిలో ఆగితే ఇడ్లీ తిను, వడ వద్దు. ఆ గంట పొట్లం సగమే వెయ్యి.