రెండు భాషల వల్లే బాబుకి మాటలు రావట్లేదా?

పర్లాకిమిడి అమ్మమ్మ:
మా మనవడికి మూడున్నరేళ్లు. ఇంట్లో తెలుగు, అంగన్‌వాడీలో ఒడియా. రెండూ కలిపినా పది మాటలు రాలేదు. అందరూ పాట అందుకుంటే చెవులు మూసుకుని మూలకి పోతాడు. గుడ్డు తింటాడు, అక్కడిచ్చే ఛతువా పిండి ముట్టడు. ఇంట్లో తెలుగు మానేయమంటోంది అంగన్‌వాడీ దీదీ. నాకు ఒడియా బజారు బేరాల వరకే వచ్చు! మానేస్తే వాడితో నేనేం మాట్లాడాలి?

స్పీచ్ థెరపిస్ట్, బరంపురం:
మానకండమ్మా. రెండు భాషల వల్ల మాట ఆలస్యం కాదు. ముందు చెవి పరీక్ష చేయించండి. గోలకి చెవులు మూసుకునే పిల్లలకీ కొన్ని శబ్దాలు అందకపోవచ్చు. పిల్లల ఆరోగ్యం పరీక్షించే ప్రభుత్వ బృందం (ఆర్‌బీఎస్‌కే) అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు రావాలి. అప్పటిదాకా ఆగొద్దు, జిల్లా ఆసుపత్రిలో చూపించండి.

అంగన్‌వాడీ కార్యకర్త, గుణుపురం:
పాటకి ముందు బొమ్మ కార్డు చూపిస్తే మా దగ్గర ఒక పాప కుదురుగా ఉంటోంది. మీవాడికి గుమ్మం పక్కన చోటివ్వమనండి, చేతులు లాగొద్దనండి. దివ్యాంగ పిల్లల కోసం కేంద్ర ప్రభుత్వం 2023లో అంగన్‌వాడీ ప్రోటోకాల్ (పాటించాల్సిన పద్ధతులు) తెచ్చింది, దీదీని అడగండి.

పర్లాకిమిడి అమ్మమ్మ:
చెవి సంగతి ఇంతవరకు ఎవరూ అనలేదు. సోమవారం వెళ్తున్నాం. దీదీ మంచిదే, అంతమంది పిల్లలతో ఆవిడ మాత్రం ఏం చేస్తుంది? ఆ పాట నాకూ నేర్పమన్నాను, ఇంట్లో మెల్లగా పాడి చూస్తా.