బైపాస్ తర్వాత పీబీఎంసీ పెరుగుతోంది, సీడీ3 పడిపోతోంది. ఎక్కడ తప్పు?

ఫైకాల్_కష్టాలు:
తల పగిలిపోతోంది, ఎవరైనా చెప్పండి. ఫాలో టెట్రాలజీ (పుట్టుకతో వచ్చే గుండె లోపం) ఆపరేషన్ పిల్లలు, అందరూ ఏడాది లోపువాళ్ళే. బైపాస్‌కి (గుండె బదులు పంపుతో రక్తం నడపడం) ముందూ తర్వాతా రక్తం తీసి, ఫైకాల్ (బరువుని బట్టి కణాల్ని విడదీసే ద్రవం) మీద పీబీఎంసీ (లింఫోసైట్లు, మోనోసైట్లు ఉండే తెల్లకణాల పొర) వేరుచేసి టి కణాలు చూస్తున్నాం. ముందు శాంపిల్లో సీడీ3 (టి కణాల గుర్తు) 60 శాతం దగ్గర ఉంటుంది, తర్వాతది 20కి పడిపోతోంది. విచిత్రమేంటంటే మిల్లీలీటరు రక్తానికి వచ్చే పీబీఎంసీ తగ్గకపోగా పెరుగుతోంది. యాంటీబాడీ కొత్త లాట్ తెరిచాం, కాంపెన్సేషన్ (రంగుల కలగలుపు సవరణ) మళ్ళీ చేశాం, ఫ్లో సైటోమీటర్ మెషీన్ కూడా చూపించాం. పంపు టి కణాల్ని చంపేస్తోందని రాసేయొచ్చా?

పంపు_పక్కన:
స్టెరాయిడ్ ఇచ్చారా? "తర్వాత" అంటే ఎప్పుడు? ట్యూబు ఏది?

థైమస్_పక్షం:
అసలు థైమస్ మాట ఎవరూ ఎత్తరేం? రొమ్ము ఎముక తెరవగానే పసివాళ్ళలో గుండెకి అడ్డంగా కనిపించేది అదే. దారి కోసం సగమో, మొత్తమో తీసేస్తారు. కొత్త టి కణాలు తయారయ్యే చోటు పోయింది కాబట్టి నైవ్ సీడీ4 (ఇంకా దేన్నీ ఎదుర్కోని టి కణాలు) తగ్గుతుంది, ట్రెక్ (థైమస్ నుంచి కొత్తగా వచ్చిన టి కణాల్లో ఉండే డీఎన్‌ఏ ముక్క) సంఖ్య పడిపోతుంది, ఏళ్ళ తర్వాత కూడా ఆ తేడా కనిపిస్తుంది. ఆపరేషన్ నోట్సులో ఎంత తీశారో రాయించుకోండి. ఇంకో మాట, ఫాలో పిల్లల్లో కొందరికి 22క్యూ11.2 డిలీషన్ (22వ క్రోమోజోమ్‌లో ఒక ముక్క లేకపోవడం) ఉంటుంది. వాళ్ళకి టి కణాలు ముందునుంచే తక్కువ. ఆ పరీక్ష చేయకుండా అందర్నీ ఒకే గుంపులో కలిపితే లెక్కకి అర్థం లేదు. అనుమానం ఉన్నవాళ్ళకి ఎక్కించే రక్తం ఇర్రేడియేట్ చేసిందే (రేడియేషన్‌తో దాత టి కణాల్ని ఆపినది) కావాలి, అదీ మరవకండి.

పంపు_పక్కన:
థైమస్ తీసిన రెండు గంటల్లో సీడీ3 60 నుంచి 20కి పడదు.

థైమస్_పక్షం:
పడుతుందని నేననలేదు. నమోదు చేయమన్నాను.

హెమటోక్రిట్_రావు:
ఇంత చర్చ దేనికండీ, రక్తం పలచబడింది, అంతే. హెమటోక్రిట్‌తో (రక్తంలో ఎర్రకణాల శాతం) సవరించుకుంటే సరిపోతుంది.

పంపు_పక్కన:
పెద్దవాళ్ళలో సరే. పసివాళ్ళలో ప్రైమ్‌లోనే (పంపు గొట్టాల్ని ముందే నింపే ద్రవం) ప్యాక్డ్ సెల్స్ (చిక్కటి ఎర్రకణాలు) పోస్తాం. లెక్క చూడండి. 5 కిలోల పాప, కిలోకి 80 చొప్పున రక్తం 400 మి.లీ., హెమటోక్రిట్ 45, లింఫోసైట్లు మైక్రోలీటరుకి 6,000. ప్రైమ్ 300 మి.లీ., అందులో 60 శాతం హెమటోక్రిట్ ఉన్న ప్యాక్డ్ సెల్స్ 100. కలిశాక ఎర్రకణాలు 240, మొత్తం 700, అంటే హెమటోక్రిట్ 34. మీ సూత్రం ప్రకారం లింఫోసైట్లు 4,570 ఉండాలి. ల్యూకోరెడ్యూస్ చేసిన రక్తంలో తెల్లకణాలు దాదాపు ఉండవు కాబట్టి నిజంగా ఉండేవి 3,430. లేని నష్టాన్ని మీరే పుట్టిస్తున్నారు. ఆ పైన మఫ్ (పంపు చివర్లో రక్తాన్ని వడకట్టడం) చేస్తే నీరు పోయి అన్నీ మళ్ళీ చిక్కబడతాయి.

అయినా పలచబడితే సంఖ్య తగ్గుతుంది, శాతం మారదు. ఫైకాల్_కష్టాలు గారి గొడవ శాతంతో.

ఫైకాల్_కష్టాలు:
చెప్పడం మరిచాను. మిథైల్‌ప్రెడ్నిసొలోన్ కిలోకి 30 మి.గ్రా., మత్తు ఇచ్చేటప్పుడే. "ముందు" రక్తం ఆర్టరీ లైన్ పెట్టాక. "తర్వాత" అంటే పంపు ఆగాక. హెపారిన్ ట్యూబు. పొద్దున తీసినవి ఫ్రిజ్‌లో పెట్టి సాయంత్రం అన్నీ కలిపి ఫైకాల్ వేస్తాం.

గేటు_కాపరి:
ఫ్రిజ్ మాట మొదట్లోనే చెప్పాల్సింది! మీ పొరలో పెరిగింది న్యూట్రోఫిల్స్ (గ్రాన్యూల్స్ ఉండే తెల్లకణాలు). పంపు ట్యూబుల ఉపరితలం తగలగానే కాంప్లిమెంట్ (రక్తంలోని రక్షణ ప్రోటీన్లు) రగిలి దాని ముక్కలు సీ3ఏ, సీ5ఏ పుడతాయి. న్యూట్రోఫిల్స్ తమ గ్రాన్యూల్స్ వదిలేసి తేలికవుతాయి. ఎముక మజ్జ నుంచి పచ్చి బ్యాండ్ కణాలు కూడా దిగుతాయి. ఈ తేలిక కణాలు అడుక్కి పోకుండా పీబీఎంసీ పొరలోనే ఆగిపోతాయి. రక్తం గంటలకొద్దీ నిలవున్నా, చల్లగా ఉండగానే ఫైకాల్ మీద పోసినా ఇదే జరుగుతుంది. మీరు రెండూ చేస్తున్నారు. సీడీ66బి (న్యూట్రోఫిల్స్ గుర్తు) కలిపి ఒక శాంపిల్ నడపండి, తేలిపోతుంది.

ఇకమీదట సంఖ్య కోసం ఫైకాల్ వద్దు. ఈడీటీఏ రక్తం 50 మైక్రోలీటర్లు, రివర్స్ పిపెటింగ్‌తో (కొంచెం ఎక్కువ లాగి, కావలసినంతే వదలడం), బీడ్స్ (లెక్క తెలిసిన పూసలు) ఉన్న ట్యూబులో. యాంటీబాడీ కలిపి చీకట్లో 15 నిమిషాలు. ఎర్రకణాల్ని పగలగొట్టే లైసింగ్ ద్రవం 450 మైక్రోలీటర్లు, ఇంకో 15 నిమిషాలు. కడగొద్దు, కడిగితే బీడ్స్ పోతాయి. గేటు (కణాల్ని ఎంచుకునే హద్దు) సీడీ45 (తెల్లకణాల గుర్తు), సైడ్ స్కాటర్ (పక్కకి చెదిరే కాంతి) మీద పెట్టండి. నెలల పిల్లల్లో లైస్ కాని న్యూక్లియేటెడ్ ఎర్రకణాలు లింఫోసైట్ల చోట కూర్చుంటాయి, వాటికి సీడీ45 ఉండదు కాబట్టి పక్కకి పోతాయి.

మోనోసైట్ హెచ్‌ఎల్‌ఏ-డీఆర్ (ఆ కణాల మీది రోగనిరోధక గుర్తు) కూడా చూస్తే దానికి వేరే ట్యూబు. గది వేడిలో ఉంచితే అది దానంతటదే పెరుగుతుంది, మంచులో పెట్టి త్వరగా స్టెయిన్ చేయాలి. ఫైకాల్‌కి వేసేది మాత్రం గది వేడిలోనే. ఒకే ట్యూబుతో రెండు పనులూ కావు.

పంపు_పక్కన:
"పంపు ఆగాక" అన్నా ఏమీ తెలియదు. మఫ్‌కి ముందా తర్వాతా? ప్రోటమిన్ (హెపారిన్‌కి విరుగుడు) పడిందా? హెపారిన్-ప్రోటమిన్ కలిస్తే క్లాసికల్ దారిలో కాంప్లిమెంట్ ఇంకోసారి లేస్తుంది.

థైమస్_పక్షం:
ఆయన "ముందు" కూడా ముందు కాదు. స్టెరాయిడ్ అప్పటికే పడింది. లింఫోసైట్లు మజ్జలోకి తప్పుకుంటాయి, 4 నుంచి 6 గంటల్లో అట్టడుగుకి పోతాయి. సరిగ్గా ఆపరేషన్ సమయమే అది. మత్తుకి ముందే తీయాలి.

హెమటోక్రిట్_రావు:
స్టెరాయిడ్ అసలెందుకు? 2022లో వచ్చిన స్ట్రెస్ ట్రయల్‌లో 1,200 పైచిలుకు పసిపిల్లల్లో ముఖ్య ఫలితంలో చెప్పుకోదగ్గ మేలు తేలలేదు కదా.

పంపు_పక్కన:
అది సర్జన్‌ని అడగండి. ఇచ్చినవాళ్ళనీ ఇవ్వనివాళ్ళనీ ఒకే గ్రాఫులో కలపకుండా ఉంటే ఇక్కడికి చాలు.

థైమస్_పక్షం:
ఆరు నెలల పాపకి లింఫోసైట్లు 4,000 నుంచి 13,000 దాకా మామూలే. ల్యాబ్ రిపోర్టులో పెద్దవాళ్ళ హద్దులు అచ్చేసి ఉంటే 2,000 కూడా "నార్మల్" అని వస్తుంది. చూసుకోండి.

ఫైకాల్_కష్టాలు:
సీడీ66బి వేశాం. "తర్వాత" పొరలో సగానికి పైగా పాజిటివ్. బీడ్ ట్యూబులకి ఇండెంట్ పెట్టాం. థాంక్సండీ.

ఇదే పద్ధతిలో తీసి లిక్విడ్ నైట్రోజన్‌లో దాచిన వయల్స్ బోలెడున్నాయి. వాటినేం చేయాలి?

గేటు_కాపరి:
న్యూట్రోఫిల్స్ ఫ్రీజింగ్‌కి తట్టుకోవు. కరిగించగానే డీఎన్‌ఏ బయటపడి ముద్ద కడుతుంది, డీఎన్‌ఏజ్ (డీఎన్‌ఏని కోసే ఎంజైమ్) వేయండి. మిగిలిన టి కణాల్లో రకాల శాతం చూడొచ్చు. మొత్తం సంఖ్య మాత్రం రాదు.

హెమటోక్రిట్_రావు:
ఆ రోజు సీబీసీ (మొత్తం రక్తకణాల లెక్క) ఉంటే దాంతో గుణించుకోవచ్చుగా?

పంపు_పక్కన:
ఏ గంట సీబీసీ?