కళ్లద్దాల లెన్సుతో టెలిస్కోప్: ఐపీస్‌గా కుంభాకారమా, పుటాకారమా?

ప్రశ్న:
ముందు లెన్సు ప్లస్ 1 పవర్, 65 మి.మీ. వెడల్పు, పీవీసీ పైపుకి బిగించాను. కంటి వైపు 50 మి.మీ. ఫోకల్ లెంగ్త్ కుంభాకార లెన్సు పెడితే చంద్రుడు తలకిందులుగా, అంచున ఊదారంగుతో కనిపిస్తున్నాడు. అంతే ఫోకల్ లెంగ్త్ ఉన్న పుటాకార లెన్సు పెడితే నిటారుగానే ఉన్నాడు గానీ, తాళం కన్నంలోంచి చూసినట్టు చిన్న ముక్కే. ఏది వాడాలి? రంగులు పోయేదెలా?

జవాబు 1:
కుంభాకారమే పెట్టండి. ప్లస్ 1 అంటే ఫోకల్ లెంగ్త్ 1000 మి.మీ., దాన్ని 50తో భాగిస్తే 20 రెట్లు. రెండు ఐపీస్‌లకూ, అంటే కంటి వైపు లెన్సులకూ, అంతే.

కుంభాకారంతో, అంటే కెప్లర్ 1611లో వివరించిన పద్ధతిలో, లెన్సుల మధ్య దూరం 1050 మి.మీ. నిజ ప్రతిబింబం పైపులోనే ఏర్పడుతుంది. ఐపీస్ దాటాక సుమారు 52 మి.మీ. దగ్గర వెలుగంతా చిన్న వృత్తంగా చేరుతుంది, కన్ను అక్కడ ఉండాలి. ఐపీస్‌కి ఆనించి చూస్తే చుట్టూ నలుపే.

పుటాకారంతో, అంటే గెలీలియో పద్ధతిలో, దూరం 950 మి.మీ. కిరణాలు కలవకముందే పుటాకార లెన్సు వాటిని విడదీస్తుంది, అందుకే నిటారు బొమ్మ. కానీ ఆ వెలుగు వృత్తం పైపు లోపలి వైపే ఉండిపోతుంది, కన్ను అక్కడికి చేరదు. అందుకే మీకు చిన్న ముక్కే కనిపిస్తోంది. 3, 4 రెట్లకైతే ఈ పద్ధతి చక్కగా పనిచేస్తుంది.

జవాబు 2:
రంగుల సంగతి: ఒంటి లెన్సు నీలాన్ని దగ్గరగా, ఎరుపును దూరంగా ఫోకస్ చేస్తుంది. మీ లెన్సులో ఆ తేడా దాదాపు 17 మి.మీ. రంగులు తగ్గాలంటే నల్ల అట్టలో 30 మి.మీ. గుండ్రటి కన్నం కోసి, లెన్సు నడిమికి సరిగ్గా వచ్చేలా ముందు అతికించండి. వెలుగు ఐదో వంతుకి పడిపోతుంది, చంద్రుడికి అది చాలు. లెన్సు ఉబ్బు ఆకాశం వైపు ఉండాలి. పైపు లోపల మెరుపులేని నల్లరంగు వేయండి.

సూర్యుడి వైపు మాత్రం ఎప్పుడూ తిప్పకండి, క్షణంలో చూపు పోతుంది.

జవాబు 3:
రంగులు ఇంకా తగ్గాలంటే అక్రోమాట్ కొనాలి. అందులో రెండు రకాల గాజులుంటాయి: క్రౌన్ గాజు కుంభాకారానికి ఫ్లింట్ గాజు పుటాకారం జత. ఇంగ్లండ్‌కి చెందిన జాన్ డాలండ్ 1758లో పేటెంట్ పొందింది దీనికే. రెండు రంగులు ఒకచోట కలుస్తాయి, ఊదా కొంత మిగులుతుంది. 80 మి.మీ. లెన్సుకి ఫోకల్ లెంగ్త్ 400 అయితే అది స్పష్టంగా కనిపిస్తుంది, 900 అయితే బాగా తక్కువ. మూడు రంగుల్ని కలిపే అపోక్రోమాట్ ఖరీదెక్కువ. జంట లెన్సుని విప్పకండి. తప్పనిసరైతే ముందే రెండింటి అంచుల మీద పెన్సిల్ గీత పెట్టుకోండి. గాజులు తిరగబడినా, పక్కకి తిరిగినా బొమ్మ చెడుతుంది.

ప్రశ్న:
10 మి.మీ. ఐపీస్ పెడితే 100 రెట్లు వస్తుంది కదా?

జవాబు 2:
వస్తుంది, మసకగా. మి.మీ.కి 2 రెట్ల లెక్కన 30 మి.మీ. కన్నానికి హద్దు 60. ఒంటి లెన్సుకి 40 దాటకపోవడమే మంచిది, 25 మి.మీ. ఐపీస్ చూడండి.