యార్క్‌షైర్ మూడు కొండల నడక: మనవాళ్లను విరాళం అడగడం ఎలా?

స్వర్ణముఖి (లీడ్స్):
నమస్కారం. జూన్‌లో మా ఆఫీసు ఆడవాళ్లం కొందరం ఇంగ్లండ్‌లో యార్క్‌షైర్ త్రీ పీక్స్ నడకకు పేర్లిచ్చాం. పెనిగెంట్, వెర్న్‌సైడ్, ఇంగిల్‌బరో కొండలు మూడూ ఒకే రోజు, 12 గంటల్లోపు ఎక్కి దిగాలి. నడక సుమారు 39 కిలోమీటర్లు. ఇంట్లో దెబ్బలకు తాళలేక పిల్లలతో బయటపడ్డ ఆడవాళ్లు తలదాచుకునే ఆశ్రయ గృహానికి ఆ విరాళాలు.

నడకంటే బెదురు లేదు, అలిపిరి మెట్లెక్కి పెరిగినదాన్ని. బెదురంతా చెయ్యి చాచడానికే. గుడికైనా, అన్నదానానికైనా క్షణాల్లో డబ్బు పంపే మా తెలుగు వాట్సాప్ గ్రూపులో ఈ మాట పెడితే ఉలుకూ పలుకూ లేదు. ఒక పెద్దాయన మాత్రం, "సంసారాలు నిలబెట్టాలి గానీ విడదీసేవాళ్లకు డబ్బులేమిటమ్మా?" అన్నారు. ఆయనకేం చెప్పను? పైగా కిలిమంజారో అయితే ఎక్కువ డబ్బు వస్తుందని ఒకావిడ పట్టుబడుతున్నారు. నిజమేనా?

రాళ్లదారి:
కిలిమంజారో 5,895 మీటర్లు. ఒళ్లు ఆ ఎత్తుకు అలవాటు పడేలా ఎక్కాలంటే ఆరేడు రోజులు కావాలి. విమానం, పార్కు రుసుము, గైడు, కూలీలు... ఇలాంటి యాత్రలు కొన్నింటిలో ఆ ఖర్చు విరాళాల్లోంచే పోతుంది. ఇచ్చినవాళ్లకు ఆ సంగతి తెలిస్తే మళ్లీ ఇస్తారా? మీకైతే లీడ్స్‌లో రైలెక్కితే పెనిగెంట్ కింది ఊరు హోర్టన్‌లో దిగడమే, టికెట్టు మీ డబ్బుతోనే కొనుక్కోండి.

పెనిగెంట్ మీద చివర్లో చేతులతో రాళ్లు పట్టుకుని ఎక్కాలి. అసలు పరీక్ష ఇంగిల్‌బరో. కాళ్లు అప్పటికే బరువెక్కి ఉంటాయి, పైన బల్లపరుపు నేల, పొగమంచు కమ్మితే దిగే దారి దొరకదు. ఫోనును నమ్మకుండా కాగితం మ్యాపు, దిక్సూచి పట్టుకెళ్లండి.

గిఫ్ట్ ఎయిడ్‌కు టిక్కు పెట్టమని అందరికీ చెప్పండి, ఇచ్చిన ప్రతి పౌండుకు ప్రభుత్వం నుంచి 25 పెన్నీలు అదనంగా వస్తాయి. ఇక్కడ పన్ను కట్టేవాళ్లకే అది, గుంటూరు బాబాయి పంపేదానికి వర్తించదు.

పేరు లేకుండా:
స్వర్ణముఖి గారూ, నేను అలాంటి ఆశ్రయ గృహంలో ఉండి వచ్చినదాన్ని. చిరునామా ఎవరికీ చెప్పకూడదు, లోపలికి వెళ్లగానే ఫోనులో లొకేషన్ ఆపించారు. వంటింట్లో ఒక్కొక్కరికి ఒక్కో అర. నా అరలో కందిపప్పు డబ్బా, పక్క అరలో సోమాలీ ఆవిడ ఖర్జూరాలు. ఆదివారం ఆవిడ పిల్లలు నా పప్పన్నం తినేవారు.

పెద్దాయనతో వాదించకండి. డిపెండెంట్ వీసా, అంటే భర్త వీసాను బట్టి భార్యకు వచ్చే వీసా సంగతి చెప్పండి. ఆశ్రయ గృహంలో గది అద్దె చాలావరకు ప్రభుత్వ సాయంతో నడుస్తుంది. మన ఆడపిల్లల వీసా మీద ఆ సాయం వర్తించదని రాసి ఉంటుంది కనుక చాలా చోట్ల చేర్చుకోలేమంటారు. 2024 ఫిబ్రవరిలో ఉద్యోగుల, విద్యార్థుల భార్యలకు కూడా, ఇంట్లో హింసకు గురైతే మూడు నెలల పాటు ఆ సాయం అందుకునే వెసులుబాటు తెచ్చారు. కానీ దానికి దరఖాస్తు పెడితే ఉన్న వీసా పోతుంది, లాయరును అడగకుండా సంతకం పెట్టకూడదు. ఇలాంటి చిక్కుల్లో లండన్‌లోని సౌతాల్ బ్లాక్ సిస్టర్స్ అనే మహిళా సంస్థ 1979 నుంచి ఆడవాళ్ల పక్షాన నిలబడుతోంది. ఆ పెద్దాయన కూతురో, మేనకోడలో ఆ వీసా మీదే వచ్చి ఉండవచ్చు.

ఇంకో మాట. గ్రూపులో ఎవరూ పలకలేదంటే ఇవ్వరని కాదు. భర్త చూసే గ్రూపులో ఈ విషయానికి లైకు పెట్టడం అందరికీ కుదరదు. ఆడవాళ్లకు విడివిడిగా రాయండి, పేరు కనిపించకుండా ఇవ్వవచ్చని మొదటి వాక్యంలోనే చెప్పండి. ఉమ్మడి ఖాతా ఉన్నవాళ్లయితే నగదు తీసుకోండి.

స్వర్ణముఖి (లీడ్స్):
విడివిడిగా రాశానండీ. రాత్రికి రాత్రే పేర్లు లేని విరాళాలు వచ్చాయి, గ్రూపులో ఇప్పటికీ చడీచప్పుడు లేదు. పెద్దాయనకు వీసా సంగతి రాశాను, చదివినట్టు నీలం టిక్కులు పడ్డాయి. కిలిమంజారో ఆవిడకు రైలు వేళలు పంపితే మోకాళ్ల నొప్పి అన్నారు. రాళ్లదారి గారూ, బూట్లు ఒక సైజు పెద్దవి కొనాలంటారా?