ఇంట్లో పియానోకి ఎలాంటి దీపం పెట్టాలి?

రాత్రి_సాధన:
అందరికీ నమస్కారం. మా ఇంట్లో అప్‌రైట్ పియానో (బీరువాలా నిలువుగా ఉండే రకం) ఉంది. నల్లగా అద్దంలా మెరిసే పాలిష్. గోడకి చేర్చి పెట్టాం. గది లైటు సీలింగ్ మధ్యలో ఉండటంతో కూర్చోగానే నా తల నీడ సరిగ్గా స్వరాల పుస్తకం మీదే పడుతోంది. ఉద్యోగం వల్ల నాకు వాయించుకునే వీలు రాత్రే చిక్కుతుంది. ఈమధ్య మా అమ్మ కూడా మళ్లీ మొదలుపెట్టింది. ఆవిడకి అరవై దాటాయి, బైఫోకల్ కళ్లద్దాలు (పై భాగం దూరానికి, కింది భాగం దగ్గరికి). పుస్తకంలో స్వరం చుక్క గీత మీద ఉందో, గీతల మధ్య ఉందో తెలియక వంగి వంగి చూస్తూ మెడనొప్పి తెచ్చుకుంటోంది. ఆన్‌లైన్‌లో చూస్తే ఇత్తడి దీపాలు, క్లిప్పు దీపాలు, నేల మీద నిలబెట్టే స్టాండు దీపాలు, పొడవాటి ఎల్‌ఈడీ బార్లు ఉన్నాయి. ఏది తీసుకోవాలో తేల్చుకోలేకపోతున్నాను. పాలిష్ పాడవుతుందేమోనని అదో టెన్షన్. వాడుతున్నవాళ్లు చెప్పగలరు.

ఎడమచెయ్యి:
మా పియానో మీద ఇత్తడి దీపం ఉంది. చూడటానికి చాలా బాగుంటుంది, కానీ షేడు పొట్టిది. పుస్తకం తెరిస్తే నడిమధ్యన మంచి వెలుగు, రెండు పక్కలా మసక. అందం కోసమైతే సరే, రోజూ చూసి వాయించేవాళ్లకైతే పొడవాటి బారే మేలు.

ట్యూనింగ్_పని:
పియానోలు శ్రుతి చేయడం నా వృత్తి, కాబట్టి దీపాల సంగతి తరచుగా నా ముందుకొస్తుంది. దీపం మోడల్ తర్వాత చూసుకోవచ్చండీ, ముందు వెలుగు ఎక్కడినుంచి పడాలో తేల్చుకోండి. ఇంట్లో ఉన్న ఏదో ఒక టేబుల్ ల్యాంపు తీసుకుని, మీరు వాయించే భంగిమలో కూర్చోండి. మీ అమ్మగారిని ఆ ల్యాంపు పట్టుకుని పియానో పైన అటూ ఇటూ జరపమనండి. తర్వాత ఆవిడని కూర్చోబెట్టి మీరు పట్టుకోండి. ఇద్దరి ఎత్తూ ఒకటి కాదు కదా, ఒకరి కంటికి కనబడని బల్బు ఇంకొకరి కంట్లో సూటిగా కొట్టొచ్చు.

దీపం పియానో పై మూత మీద వెనక్కి ఉంటే వెలుగు పేజీ పై అంచుని తాకి ఆగిపోతుంది, పుస్తకం నీడ మీటల మీద పడుతుంది. అందుకే దీపం చెయ్యి మూత అంచు దాటి, పుస్తకం కన్నా ముందుకి రావాలి. కొనేటప్పుడు ఎత్తు కన్నా ఈ ముందుకి వచ్చే పొడవు ముఖ్యం. పక్కనుంచి వచ్చే స్టాండు దీపం నాకు నచ్చదు. నల్ల మీటల నీడలు తెల్ల మీటల మీద ఏటవాలుగా పడి కంటిని తికమక పెడతాయి, పైగా ఒక చేతి నీడ ఎప్పుడూ అడ్డొస్తుంది.

వెడల్పు లెక్క చాలా తేలిక. ఏ4 పేజీ వెడల్పు 21 సెంటీమీటర్లు. పుస్తకం తెరిస్తే 42, విడి కాగితాలు మూడు పక్కపక్కన పెడితే 63. ఆ మేరకు రెండు చివర్లలోనూ ఒకేలా వెలుగు పడితే చాలు. చివరి కుడి పేజీలో, కింది వరుసలో ఉన్న వేలి అంకెలు (ఏ వేలితో నొక్కాలో చెప్పేవి) చదవగలుగుతున్నారో లేదో చూడండి. అక్కడ కనబడితే అంతటా కనబడినట్టే.

ఇక పాలిష్ సంగతి. బిగించే క్లాంపు దీపం పియానోకి వద్దే వద్దు, అంచు నొక్కుకుపోతుంది. బరువైన అడుగు ఉన్నదే తీసుకోండి. అడుగున రబ్బరు బిళ్లలుంటే వాటి కింద ఫెల్ట్ (మెత్తని ఒత్తు గుడ్డ) ముక్క వేయండి. కొన్ని రకాల పాలిష్ మీద రబ్బరు ఎక్కువకాలం ఆనితే మరక పడుతుంది, అది తుడిస్తే పోదు. వేడెక్కే హాలోజన్ బల్బు చెక్కకి దగ్గరగా పెట్టకండి, ఎల్‌ఈడీ అయితే ఆ భయం చాలా తక్కువ. పై మూత తెరిచి వాయించే అలవాటుంటే పైన పెట్టే దీపం కుదరదు, అప్పుడు మాత్రం వెనకనుంచి వంగి వచ్చే స్టాండు దీపం చూసుకోవాలి.

ఇంకొకటి, దీన్ని దుకాణాల్లో ఎవరూ చెప్పరు. "ఒక స్వరం గరగరలాడుతోంది, తీగ పోయిందేమో" అని నన్ను పిలుస్తుంటారు. నేను ముందు పియానో మీదున్నవన్నీ దించేస్తాను. చాలాసార్లు ఆ గరగర దీపం షేడుదో, వదులైన మరదో అయి ఉంటుంది. ఒక స్వరం కంపనానికి ఆ రేకు తోడుగా అదురుతుంది, పక్క స్వరానికి నిశ్శబ్దంగా ఉంటుంది. కొత్త దీపం పెట్టాక కుడి పెడల్ నొక్కి పట్టి, ఎడమ చివరినుంచి ఒక్కో మీటా గట్టిగా నొక్కుతూ రండి. మోగితే మర బిగించండి, లేదా కీలు దగ్గర సన్నని ఫెల్ట్ పెట్టండి. అప్పటికీ మోగితే తిరిగి ఇచ్చేయండి, రాజీపడకండి. మెల్లగా వాయించే చోట ఆ చప్పుడు ప్రాణం తీస్తుంది.

మూడో_అద్దాలు:
మీ అమ్మగారి గురించి చెప్తాను, నాదీ అదే వయసు. అరవై ఏళ్లు వచ్చేసరికి కంటి లోపలికి చేరే వెలుగు ఇరవై ఏళ్లప్పటితో పోలిస్తే సుమారు మూడో వంతే. కాబట్టి మీకు చాలినంత వెలుగు ఆవిడకి చాలదు. వెలుగు తగ్గించి పెంచుకునే దీపమే కొనండి. చదవడానికి సాధారణంగా పేజీ మీద 500 లక్స్ (వెలుగు కొలత) ఉండాలంటారు, ఆవిడకి ఇంకాస్త ఉన్నా మంచిదే. వెలుగు రంగుని కెల్విన్‌లో చెప్తారు, అది 3000 నుంచి 4000 మధ్య ఉంటే కాగితం మరీ పసుపుగానూ ఉండదు, నీలంగానూ ఉండదు. పెట్టె మీద సీఆర్‌ఐ (ఆ వెలుగులో రంగులు ఎంత సహజంగా కనబడతాయో చెప్పే అంకె) 90 పైన ఉందేమో చూడండి. పెన్సిలు గుర్తులు, రంగు గీతలు విడివిడిగా తెలుస్తాయి.

అయితే ఆ మెడనొప్పి దీపంతో పూర్తిగా పోదేమో. బైఫోకల్‌లో కింది భాగం సుమారు 40 సెంటీమీటర్ల దూరానికి చేస్తారు. పియానో మీద పుస్తకం అంతకన్నా దూరం, పైగా కళ్లకి ఎదురుగా ఉంటుంది. కింది అద్దంలోంచి చూడాలంటే తల వెనక్కి వాల్చాలి, పై అద్దంలోంచి మసక. ఆవిడ కూర్చున్నప్పుడు కంటినుంచి పేజీ దాకా టేపుతో కొలిచి, ఆ దూరానికే విడిగా ఒక జత చేయించండి. నాకు హాయి అంటే ఏమిటో తెలిసింది ఆ అద్దాలతోనే.

రాత్రి_సాధన:
ఇప్పుడే కొలిచాను, అమ్మకి 62 సెంటీమీటర్లు వచ్చింది. అద్దాల ఆలోచనే రాలేదు మాకు, చాలా థాంక్సండీ. టేబుల్ ల్యాంపు పట్టుకుని చూశాం. పుస్తకానికి ఒక జానెడు ముందుకి, పైన పెడితే ఇద్దరికీ బాగుంది. కాకపోతే ముందు పలకలో బల్బు మెరుపు కనబడుతోంది.

ట్యూనింగ్_పని:
బల్బు బయటికి కనబడని లోతైన షేడు ఉన్న బారు తీసుకుని, దాన్ని కొద్దిగా పేజీ వైపు తిప్పండి, మెరుపు చాలావరకు తప్పుకుంటుంది. పేజీలు ప్లాస్టిక్ కవర్లలో ఉంటే బయటికి తీసి పెట్టండి, అవీ మెరుస్తాయి. వైరుని పియానో వెనకనుంచే దింపండి, పెడళ్ల వైపు రానివ్వకండి.