దిండు కింద తిండి దాచుకునే బిడ్డకు ఎట్ల ధైర్యం చెప్పాలె?

మాది హన్మకొండ. నిరుడు ఫిలిప్పీన్స్ నుంచి ఐదేండ్ల పాపను దత్తత తెచ్చుకున్నం. రెండు దేశాలూ దేశాల నడుమ దత్తతల మీద చేసుకున్న 1993 హేగ్ ఒప్పందంలో ఉన్నయి, మన దేశంల దత్తతలు చూసే కేంద్ర సంస్థ కారా ద్వారానే కాగితాలన్నీ నడిచినయి. ఆలస్యమైనా ఆ పని ఒడిసింది.

ఇప్పటి బాధ వేరు. సద్దుల బతుకమ్మ నాడు వేయిస్తంభాల గుడి కాడ పెట్టిన మలీద ముద్దను గౌను జేబుల పెట్టుకొచ్చి దిండు కింద దాచింది. తెల్లారేసరికి చీమలు. తీసేస్తుంటే ఏడ్వలేదు, నా మొహమే చూసుకుంట నిలబడ్డది. ఆ చూపు నన్ను నిద్రపోనిస్తలేదు. రోజూ ఏదో ఒకటి దాస్తనే ఉంది.

దాచుకోనియ్యాల్నా? దానికంటూ ఒక డబ్బా ఇయ్యాల్నా? తన పుట్టిన దేశపు భాష తగలోగ్ మాటలు కూడా మర్చిపోతున్నది, అవి నిలబెట్టుడెట్ల? పెద్ద పిల్లలను దత్తత తీసుకున్న అమ్మలు, అక్కలు, జర చెప్పుండ్రి.